కావలెనని చేయుట – తెలిసి చేయుట

ఇంటిలో గాజుపాత్ర పగిలినప్పుడు తల్లి బిడ్డను అడుగు ప్రశ్నయు, ఒక ప్రాణము పోయినప్పుడు న్యాయాధిపతి విచారించు ప్రశ్నయు ఇంచుమించుగా ఒక్కటియే. ఇది కావలెనని చేసిన పనియా, కాదా? ఈ ప్రశ్నకు వచ్చు సమాధానమును బట్టి మనము మన్నింతుము, మందలింతుము, శిక్షింతుము. చేసిన పని యొక్కటియే యైనను, జరిగిన నష్టము ఒక్కటియే యైనను, దాని ముందు చేర్చిన ఒక్క క్రియావిశేషణము మనుష్యుని నిర్దోషిగనో దోషిగనో నిలుపుచున్నది. ఇంత బరువు మోయు మాటలను మనము ఎంత జాగ్రత్తతో వాడుచున్నాము? ఈ విషయమును గూర్చి పాఠకులతో కొంత విచారింప దలచితిమి.

ఇంగ్లీషు భాషలో ఈ పనికై యేర్పడిన మాటలు పెక్కు కలవు. వానిలో ముఖ్యమైనవి ఆఱు: ఇంటెన్షనల్లీ, డెలిబరేట్లీ, ఆన్ పర్పస్, నోయింగ్లీ, విల్‌ఫుల్లీ, వాలంటరిలీ. మన వార్తాపత్రికలలోను, ప్రభుత్వపు కాగితములలోను, విద్యార్థులు వ్రాయు అనువాదములలోను వీనిలో పెక్కింటికి తఱుచుగా ఒకే తెలుగు కనబడుచున్నది: 'ఉద్దేశపూర్వకముగా'. కొందఱు 'బుద్ధిపూర్వకముగా' అందురు. వాలంటరిలీ అన్నచోట మాత్రము 'స్వచ్ఛందముగా' అని వచ్చును. ఉద్దేశపూర్వకము చెడ్డ మాట యని మేము అనము. అది చక్కని సమాసమే. కాని ఒక్క మాట ఆఱు మాటల పని చేయబోయినప్పుడు వాని నడుమనున్న భేదములు చదువరి మనస్సునుండి తొలగిపోవును. ఆ భేదములు తొలగిన చోట దోషి యొకడు తప్పించుకొనును, లేదా నిర్దోషి యొకడు చిక్కుకొనును. మా యాక్షేపణ యిదియే.

భేదము తెలియుటకు మా తిరువూరు ప్రాంతపు టుదాహరణమునే తీసికొందము. ఇది మెట్టసీమ. మామిడితోటలకు నీరు తఱుచుగా భూమి లోతునుండి రావలసినదే. ఒక రైతు తన తోటలో లోతైన బోరు వేయించెను. కొన్నాళ్లకు ప్రక్కరైతు పాతబావి యెండిపోయెను. జరిగినది ఇంతే. ఇక మాటలను చూడుడు. భూమిలో నీటి నడక ఎట్టిదో అతడు ఎఱుగనిచో, తెలియక చేసెననవలెను. ప్రక్కబావి యెండునని ముందే యెఱిగియు, దానిని ఎండగొట్టవలెనని గాక తన చెట్లకు నీరు కావలెనని వేయించెనేని, నోయింగ్లీ చేసెను గాని ఇంటెన్షనల్లీ చేయలేదు. నెల దినములు అప్పునకు వడ్డీ, తోటకు రాబడి లెక్కవేసి, చేయుదునా మానుదునా యని తర్కించుకొని వేయించెనేని అది డెలిబరేట్లీ. తనకు నీటి కొఱత లేకున్నను ప్రక్కవాని పంట చెడవలెననియే వేయించెనేని ఆన్ పర్పస్. పెద్దలును అధికారులును వలదన్నను మొండికెత్తి వేయించెనేని విల్‌ఫుల్లీ. ఎవరి బలవంతమును లేక తనంతట తాను వేయించెనేని వాలంటరిలీ. బావి యొక్కటియే, ఎండిన నేల యొక్కటియే. కాని మన కన్నుల ముందు ఆఱుగురు వేర్వేఱు మనుష్యులు నిలిచిరి. వీరి నందఱను 'ఉద్దేశపూర్వకముగా బోరు వేయించినవారు' అని ఒక్క గాట కట్టిన పత్రికారచయిత, ప్రక్కరైతునకు గాని ఆఱుగురికి గాని న్యాయము చేసినవాడు కాడు. భూగర్భజలముల వాడుకను క్రమపఱచుటకు 2002లో వాల్టా చట్టము వచ్చినది. అట్టి చట్టము పుట్టిన పిదప 'మాకు తెలియదు' అనుటకు చోటు తగ్గినది గాని, తక్కిన భేదములు అట్లే యున్నవి.

ఈ ఇంగ్లీషు మాటల పుట్టుక చూచినచో వాని స్వభావము మఱింత తేటపడును. డెలిబరేట్ అను మాటలో లాటిను భాషలోని త్రాసు దాగియున్నదని శబ్దవేత్తలు చెప్పుదురు. ఇంటెండ్ అను మాటకు మూలమైన ధాతువునకు చాచుట, బిగలాగుట యని యర్థము. విల్లు ఎక్కుపెట్టుటకును లాటినులో ఆ మాట వాడుదురు. పర్పస్ అనగా ముందు పెట్టుకొన్నది. ఒకటి తూచుట, ఒకటి గుఱిచూచుట, ఒకటి ఎదుట నిలుపుకొనుట. ఇంత చక్కని భేదములు మన భాషకు లేవని విచారింప బోవుదుమేమో! కాని మన యిండ్లలో వినబడు మాటలను కొంచెము చెవియొగ్గి వినుడు. 'ఆచితూచి మాటలాడుము' అని పెద్దలు చెప్పునప్పుడు ఆ త్రాసే మన నోటను ఊగుచున్నది. 'వీని గుఱి అంతయు దానిమీదనే' అన్నప్పుడు ఆ విల్లే మన చేతిలో వంగుచున్నది. 'పనిగట్టుకొని వచ్చి చెప్పిపోయినాడు' అన్నప్పుడు, వేఱు పని యేదియు లేక దానినే ముందిడుకొని వచ్చినాడని తెలియుచున్నది. ఏ పాశ్చాత్యుని యొద్దను అప్పు తీసికొనకయే మనవారు ఈ పలుకుబళ్లను చేసికొనిరి.

పలుకుబళ్ల జాబితా ఇంతటితో ముగియదు. 'కావాలని' అన్నచో ఫలమునే కోరినాడని యర్థము. 'ఏరి కోరి' అన్నచో నాలుగింటిలో ఒకదానిని ఎన్నుకొన్నాడని. 'తెలిసి తెలిసి' అన్నచో ఎఱుక యుండియు మానలేదని నిష్ఠూరము. 'చూచి చూచి' అన్నచో ఆ పని ఫలము ఇంతకుముందు కన్నులార కాంచియు మరల దానికే దిగినాడని. 'తెగించి' అన్నచో అపాయమును ఎఱిగి లెక్కచేయలేదని. 'పంతమునకు' అన్నచో వలదన్నందులకే చేసినాడని. 'పూనుకొని' అన్నచో బరువు తనమీద వేసికొన్నాడని. ఈ మాట తఱుచుగా మంచిపనికే చెల్లును. ఎదురుగా 'పొరపాటున', 'ఏమఱుపాటున', 'చేయి జాఱి', 'నోరు జాఱి', 'తెలియక' అనునవి కలవు. వీనిలో దేనిని తీసి దేనిచోట పెట్టినను ఇల్లాలు వెంటనే పట్టుకొనును. 'ఏరి కోరి పొరపాటు చేసినాడు' అన్నచో పరిహాసమగును. 'తెలిసి తెలిసి పొరపాటు చేసినాడు' అన్నచో అది పొరపాటు కాదని యధిక్షేపమగును. ఇంత సూక్ష్మమైన త్రాసు ఇంట నుంచుకొని కచేరీకి పోవునప్పుడు రాతిగుండు పట్టుకొనిపోవుట యేల?

ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన జె. ఎల్. ఆస్టిన్ 1956లో, మనుష్యులు చెప్పుకొను సాకులను గూర్చియే ఒక గొప్ప యుపన్యాసము చేసెను. సిరా ఒలికించుటలోని మూడు తీరులను గూర్చి అతడు వ్రాసిన వ్యాసము, 1960లో అతడు గతించిన పిదప, 1966లో వెలువడెను. తరతరముల జనులు వాడి వాడి నిలుపుకొన్న భేదములు, ఒక పండితుడు ఒక సాయంకాలము కుర్చీలో కూర్చుండి కల్పించు భేదములకంటె తఱుచుగా గట్టివని అతని మతము. అతడు పరీక్షించినది ఇంగ్లీషును. ఆ పరీక్షకు తెలుగును నిలిపినచో అది యేమాత్రము తీసిపోదని మా విశ్వాసము. ఆ పనికి పూనుకొన్నవారు మనలో తక్కువ యగుటయే కొఱత.

మన ప్రాచీనులు ఈ విచారమును ఎఱుగనివారు కారు. పాణిని కర్మకారకమును చెప్పుచు, కర్త మిక్కిలి కోరినది కర్మ యని మొదట విధించెను. వెంటనే మఱియొక సూత్రమున, కోరనిదియు అట్లే క్రియతో ముడిపడినచో కర్మయే యనెను. దీనికి సిద్ధాంతకౌముదిలో భట్టోజీదీక్షితులు చూపిన యుదాహరణములు చిన్నవి: ఊరికి పోవుచు గడ్డిని తాకువాడొకడు, అన్నము తినుచు విషము తినువాడొకడు. గడ్డిని తాకవలెనని అతడు బయలుదేఱలేదు. అతనికి కావలసినది ఊరు. అయినను గడ్డి అతని పాదముల క్రింద నలిగినది, వ్యాకరణము ఆ నలుగుటను అతని క్రియకే కట్టిపెట్టినది. ఈ సూత్రమును మేము వ్యాకరణముగా మాత్రమే చదివి విడిచితిమి. ఇప్పుడు చూడగా అందొక నీతిశాస్త్రపు విత్తనము కనబడుచున్నది. మనము కోరనిదియు మన పనిలోనిదే కావచ్చును.

నైయాయికులు పనికి ముందు మనుష్యునిలో జరుగు దానిని మూడు మెట్లుగా విడదీసిరి: జ్ఞానము, ఇచ్ఛ, కృతి. తెలుగున వీనిని ఎఱుక, కోరిక, పూనిక యని చెప్పవచ్చును. ఎఱుకనుండి కోరిక, కోరికనుండి పూనిక, పూనికనుండి పని. ఇంగ్లీషు మాటలను ఈ మెట్లమీద నిలిపి చూచినచో నోయింగ్లీ మొదటి మెట్టుమీదను, ఇంటెన్షనల్లీ రెండవదానిమీదను, ఆన్ పర్పస్, విల్‌ఫుల్లీ అనునవి మూడవదానిమీదను నిలుచును. ధర్మశాస్త్రములలోను ఈ భేదము పాటింపబడినది. మనుస్మృతి పదునొకండవ యధ్యాయమున, కోరక చేసిన పాపమునకును కోరి చేసిన పాపమునకును ప్రాయశ్చిత్తము వేర్వేఱుగా విచారింపబడినది. బౌద్ధుల వినయపిటకమున మనుష్యహత్యకై భిక్షువును సంఘమునుండి తొలగించు నియమము, తలచి చేసిన హత్యకే వర్తించును. మా జిల్లాలోని జగ్గయ్యపేట స్తూపమునొద్ద ఒకప్పుడు భిక్షువులు వల్లించిన నియమములలో ఇట్టివియు ఉండియుండును. ఆ స్మృతులలోని శిక్షలలో జాతిభేదమును బట్టి హెచ్చుతగ్గులు కలవు. వానిని మనము నేడు అంగీకరింపము. కాని ఎఱుకను, కోరికను వేఱుచేసి చూచిన చూపు మాత్రము నిలుపుకొనదగినది.

ఇక చట్టమునకు వత్తము. మెకాలే ప్రభృతులు 1837లో చిత్తుప్రతి సిద్ధపఱచిన భారత శిక్షాస్మృతి 1860లో శాసనమై, 1862 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. అది 2024 జూలై 1వ తేదీన భారతీయ న్యాయ సంహితకు చోటిచ్చి తొలగినది. పాత స్మృతి 39వ సెక్షనులో వాలంటరిలీ అను మాటకు ఒక నిర్వచనము ఉండెను. క్రొత్త సంహిత రెండవ సెక్షనులోనికి అదియే వచ్చి చేరినది. ఒకడు కోరి కలిగించిన ఫలమే గాక, తన పనివలన కలుగగలదని అప్పటికి తెలిసియో, నమ్ముటకు తగిన కారణముండియో కలిగించిన ఫలమును వాలంటరిలీ కలిగించినదే యగును. పాత స్మృతి ఇచ్చిన దృష్టాంతమున ఒకడు దోపిడి సుకరమగుటకై రాత్రివేళ పెద్దపట్టణమున జనులున్న యింటికి నిప్పు పెట్టును, ఒకరు చనిపోవుదురు. చంపవలెనని అతడు కోరకపోవచ్చును, చనిపోయినందుకు నిజముగా దుఃఖింపవచ్చును గూడ. అయినను చావు కలుగవచ్చునని యెఱిగియున్నచో, ఆ చావును అతడు వాలంటరిలీ కలిగించినవాడే.

ఈ స్థలమున 'స్వచ్ఛందముగా' అను తెలుగును పెట్టి చూడుడు. స్వచ్ఛంద సేవ, స్వచ్ఛంద సంస్థ, స్వచ్ఛంద పదవీ విరమణ – ఇట్టి చోట్ల మనస్సునకు నచ్చి, ఇష్టపడి చేయుట యని మనకు తోచును. ఇంటికి నిప్పు పెట్టినవాడు 'స్వచ్ఛందముగా చావును కలిగించెను' అన్నచో, అది అతని యిష్టమని చదువరి యనుకొనును. ఆ చావు తన కిష్టము కాదని అతడు చూపగలిగినచో, ఇక నేరమే లేదనియు అనుకొనును. శాసనము చెప్పినది దీనికి సరిగా విరుద్ధము. అచ్చట ఇష్టము ప్రధానము కాదు, ఎఱుక చాలును. 'తెలిసి చేసినాడు' అన్న రెండు తెలుగు మాటలు ఆ గొప్ప సంస్కృత సమాసముకంటె శాసనాశయమునకు దగ్గఱగా నున్నవి.

ఇవి కేవలము మాటల పట్టింపులని కొందఱు తలపవచ్చును. న్యాయ సంహిత 105వ సెక్షనును చూచినచో అట్లు తలపరు. హత్యగా పరిగణింపబడని ప్రాణహరణమున, ప్రాణము తీయవలెననియో ప్రాణాపాయకరమైన గాయము చేయవలెననియో కోరి చేసినవానికి యావజ్జీవము వఱకు శిక్ష యున్నది. కోరక, కాని చావు కలుగగలదని తెలిసి చేసినవానికి పది సంవత్సరముల వఱకు. దుడుకుతనమున గాని ఏమఱుపాటున గాని ప్రాణము తీసినవానికి 106వ సెక్షను క్రింద సామాన్యముగా అయిదు సంవత్సరముల వఱకు. కోరిక, ఎఱుక, దుడుకు – ఈ మాటల నడుమ ఒక మనుష్యుని జీవితకాలమే వ్రేలాడుచున్నది. దుడుకునకును ఏమఱుపాటునకును సయితము భేదము కలదు. మా యూరిమీదుగా పోవు జాతీయ రహదారిపై, సంతరద్దీని కన్నులార చూచుచు వేగము తగ్గింపని వాహనచోదకుడు తెగించినవాడు. రద్దీని చూడనే చూడనివాడు ఏమఱినవాడు. పత్రికలో ఇద్దఱును 'నిర్లక్ష్యముగా' నడిపినవారే యగుచున్నారు.

ఇంతవఱకు మాటలను గూర్చి చెప్పితిమి. ఈ విచారమును సంసారములు నడుపుకొను పాఠకుల యెదుట పెట్టుటకు కారణము వేఱుగా నున్నది. మన సంఘములోని పెద్ద కీడులు తఱుచుగా ఎవరును కావలెనని చేసినవి కావు, తెలిసి చేసినవి. మామిడికాయలను కార్బైడుతో మాగవేయు వర్తకుడు ఎవరికిని రోగము కోరడు. అతనికి కావలసినది సంతనాటికి పసుపు రంగు. కార్బైడుతో మాగించుటను 2011 నాటి ఆహారభద్రతా నియమములు నిషేధించియున్నవి. అది అతడు ఎఱుగును. కూతురునకు పదునెనిమిదేండ్లు నిండకముందే పెండ్లి చేయు తండ్రి ఆమె కీడు కోరడు. 1929లో శారదా చట్టము వచ్చిననాటినుండియు, 2006లో బాల్యవివాహ నిషేధ చట్టము వచ్చిన పిదపయు, ఆ పని కీడని చెప్పువారు లేక కాదు. వీరిని అడిగినచో ఒక్కటే ప్రత్యుత్తరము: 'మేము కావాలని చేసినామా?' ఆ మాట నిజమే. నిజమగుటవలననే దానికి బలము. ప్రశ్నయే తప్పు. 'కావాలని చేసితివా' యని అడిగినంత కాలము వారు ప్రతిమాఱును నెగ్గుదురు. 'తెలిసి చేసితివా' యని అడిగిననాడు తల వంచుదురు.

వరకట్నపు సంగతిలో ఈ మాటల గారడి మఱింత స్పష్టముగా కనబడును. 1961 నాటి వరకట్న నిషేధ చట్టము, అడుగకుండ ఇచ్చిన పెండ్లికానుకలను మినహాయించి, వానిని పట్టికలో వ్రాయవలెనని విధించినది. ఆ సందు చాలును. 'వారంతట వారే స్వచ్ఛందముగా ఇచ్చినారు' అని మగపెండ్లివారు అందురు. రెండెకరముల మెట్ట అమ్మి ఇచ్చిన తండ్రి నోట అడిగించుకొనలేదు, నిజమే. కాని ఇయ్యనిచో పిల్ల అత్తవారింట ఎట్లుండునో ఇరుప్రక్కలవారికిని తెలియును. తెలిసి పుచ్చుకొన్న దానికి స్వచ్ఛందమను పేరు పెట్టుట ఆ మాటకే యవమానము.

మన తెలుగు వ్యాకరణములోనే యున్న మఱియొక సౌకర్యమును ఇచ్చట పరీక్షింపవలెను. ఇంగ్లీషువాడు పాత్రను చేయిజాఱి పగులగొట్టినను, కోపమున విసరి పగులగొట్టినను ఒకే క్రియ వాడి, భేదము చూపుటకు ఒక విశేషణమును తెచ్చుకొనును. మనకు ఆ పని క్రియయే చేసిపెట్టును. పగిలినది – పగులగొట్టినాడు. చినిగినది – చించినాడు. ఒలికినది – ఒలకబోసినాడు. విఱిగినది – విఱిచినాడు. కాలినది – కాల్చినాడు. పొరపాటైనచో తెలుగు బిడ్డ 'గ్లాసు పగిలింది' అనును. ఇది దయగల వ్యాకరణము. తప్పులేనివానిమీద కర్తృత్వము మోపదు.

అయితే ఈ దయనే కప్పుగా వాడుకొనవచ్చును. 'పిల్లకు పెండ్లి అయిపోయింది.' ఎవరు చేసిరి? 'చదువు ఆగిపోయింది.' ఎవరు ఆపిరి? 'చీర అంటుకొన్నది, ఒళ్లు కాలింది.' ఎవరి చేత? అకర్మకక్రియ వచ్చి కూర్చుండగానే కర్త వీధితలుపు తీసికొని వెడలిపోవుచున్నాడు. పరిశోధకురాండ్రగు ఫాసీ, బొరొడిట్‌స్కీ అనువారు 2011లో ప్రకటించిన యొక పరిశోధనము ఇచ్చట తలపదగినది. యాదృచ్ఛికముగా జరిగిన పనులను చెప్పునప్పుడు స్పానిషు భాషవారు ఇంగ్లీషువారికంటె తక్కువగా కర్తను పేర్కొనుటయు, ఆ పనులు చేసినవారిని పిదప గుర్తించుటలో వెనుకబడుటయు అందు కనబడెను. కావలెనని చేసిన పనులలో అట్టి భేదము కనబడలేదు. మన భాషకు దీనిని తిన్నగా అన్వయింపబోము. కాని ఇంటిలోని మాటతీరు జ్ఞాపకమును సయితము మలచవచ్చునను హెచ్చరికను మాత్రము గ్రహింతుము. పెండ్లియైన యేడేండ్లలోపల కాలినగాయములతో చనిపోయిన స్త్రీని గూర్చి 1986లో శిక్షాస్మృతిలో ప్రత్యేకముగా ఒక సెక్షను చేర్పవలసివచ్చినది. న్యాయ సంహితలో నేడది 80వది. 'కాలినది' అను మాటను 'ఎవరు కాల్చిరి' అను ప్రశ్నగా మార్చుటకు అంత గొప్ప శాసనము కావలసివచ్చెనన్నమాట.

ఈ భేదములను మన వాఙ్మయమున అందఱికంటె స్పష్టముగా చూపినవారు గురజాడ అప్పారావుగారని మా యభిప్రాయము. 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో క్రొత్తరూపు దాల్చిన కన్యాశుల్కమును ఈ దృష్టితో చదువుడు. గిరీశము ఆచితూచి పనిచేయువాడు. అతని సంస్కారోపన్యాసము సయితము తూకముతో కూడినదే. కరటకశాస్త్రి పనిగట్టుకొని మోసము చేయును, కాని ఒక పసిదానిని కాపాడుటకు. లుబ్ధావధాన్లు కోరినవాడు. అగ్నిహోత్రావధాన్లను మాత్రము ఎక్కడ నిలుపుదుము? చిన్నకూతురు సుబ్బికి కీడు చేయవలెనని అతడు కోరెనా? కోరలేదు. కాని ముసలివానికి కట్టబెట్టగా వితంతువైన పెద్దకూతురు బుచ్చమ్మ అతని యింటిలోనే తిరుగుచున్నది. ఫలము కన్నుల యెదుట నడచుచుండగా మరల అదే పనికి దిగినవానికి తెలుగున ఒక్కటే మాట: చూచి చూచి చేసినాడు. అతనిని క్రూరుడని కొందఱు, మూఢుడని కొందఱు విమర్శకులు అనుకొనవచ్చును. మాకు అతడు ఆ రెండును కాడు. క్రూరుడైనచో కావాలని చేసియుండును. మూఢుడైనచో తెలియక చేసియుండును. అతడు తెలిసి, ఆ తెలివిని ప్రక్కకు నెట్టినవాడు. ఆ నాటకము నేటికిని మనలను గ్రుచ్చుటకు కారణమిదియే. మనలో గిరీశములు కొందఱే, అవధాన్లు పెక్కుమంది.

ఇచ్చట ఒక న్యాయమైన యాక్షేపణ రావచ్చును. తెలిసినదెల్ల నేరమైనచో ఎవడు బ్రతుకగలడు? ఊరికి పోవువాడు ప్రతి గడ్డిపోచకును ప్రాయశ్చిత్తము చేసికొనవలెనా? అక్కఱలేదు. వైద్యుడు నొప్పి కలుగునని తెలిసియే సూది గ్రుచ్చును. ఉపాధ్యాయుడు కష్టమని తెలిసియే కఠినమైన పాఠము చెప్పును. తెలిసి చేసినవాడు దోషి యనుట గాదు మా వాదము. తెలిసి చేసినవాడు సమాధానము చెప్పవలసినవాడని మాత్రమే. వైద్యుడు చెప్పగలడు. అవధాన్లు చెప్పలేడు. ఆ చెప్పుట చెప్పలేకపోవుటలలోనే యున్నది ధర్మము. 'కావాలని చేయలేదు' అను మాట ఆ సమాధానమును ఆరంభమునందే త్రుంచివేయుచున్నది, కావుననే దానిని అనుమానింపవలెననుచున్నాము.

ఇదే త్రాసు బాలురవైపునకును వాలవలెను. పెద్దల నేరములను 'కావాలని కాదు' అని మన్నించు మనమే, బాలుర పొరపాటులను 'కావాలనే చేసినాడు' అని దండింతుము. లెక్క తప్పు వేసినవానిని, పలక విఱిగినవానిని, ఆలస్యముగా వచ్చినవానిని పంతమునకు చేసినట్లు చూచుట బడులలో నేటికిని కలదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో శారీరకదండనను నిషేధించినది. కాని బెత్తము దిగినంత మాత్రమున నింద దిగదు. బిడ్డ చెప్పిన 'పగిలింది' అను మాటను తండ్రి 'పగులగొట్టినాను అను' అని దిద్దించుచు, తాను మాత్రము 'పిల్లకు పెండ్లి అయిపోయింది' అనుచున్నాడు. వ్యాకరణపు దయను బిడ్డకు నిరాకరించి తనకై యుంచుకొన్నవాడు ఈ తండ్రి.

కావున మేము కోరునది కొలదియే. శాసనములను, తీర్పులను తెలిగించువారు ఇంగ్లీషు మాట యొక్కొక్కదానికి వేర్వేఱు తెలుగును స్థిరపఱచుకొనవలెను. ఇంటెన్షనల్లీకి 'కోరి', నోయింగ్లీకి 'తెలిసి', డెలిబరేట్లీకి 'ఆలోచించి', ఆన్ పర్పస్‌కు 'పనిగట్టుకొని', విల్‌ఫుల్లీకి 'మొండికెత్తి' అనుటకు సిగ్గుపడనక్కఱలేదు. వాలంటరిలీ శాసనపరిభాషగా వచ్చినచోట 'స్వచ్ఛందము'ను విడిచి 'కోరి గాని తెలిసి గాని' యని విప్పి వ్రాసినను నష్టము లేదు. రెండు మాటలు పెరుగును, ఒక అపార్థము తొలగును. పత్రికలవారు నేరవార్త వ్రాయునప్పుడు, తమకు తెలిసినది కోరికయో ఎఱుకయో ఏమఱుపాటో తేల్చుకొని వ్రాయవలెను. తేలనిచో క్రియను మాత్రము చెప్పి విశేషణమును విడువవలెను. ఉపాధ్యాయులు అనువాదపాఠమున ఈ మాటలను జాబితాగా కంఠస్థము చేయింపక, ఒక్క సంగతిని ఆఱువిధముల చెప్పించి చూడవలెను. పిల్లలకు ఇది భాషాభ్యాసమును, నీతిపాఠమును ఒక్కమాఱే యగును.

ఇక గృహస్థులకు, గృహిణులకు మా మనవి ఒక్కటి. ఇంటిలో ఒక కీడు జరిగి, దానిని గూర్చి నలుగురు కూర్చుండి మాటలాడునప్పుడు, 'అయిపోయింది' అనుమాట వచ్చినచోట ఒక్క నిమిషము నిలిచి 'ఎవరు చేసిరి' అని అడుగుడు. 'కావాలని కాదు' అనుమాట వచ్చినచోట 'తెలియదా' అని అడుగుడు. ఈ రెండు ప్రశ్నలకు పాండిత్యము అక్కఱలేదు, శాసనము అక్కఱలేదు. మన తల్లులు మనలను చిన్ననాడు అడిగిన ప్రశ్నలే యవి. పెద్దవారమైన పిదప వానిని మనలను మనమే అడిగికొనవలసి యున్నది.